వాడిన అలంకరణ వస్తువుల ఆల్టరేషన్: మన్సూరాబాద్, తూర్పు హైదరాబాద్

నిర్వచనం, పరిధి

ఒకరు వాడిన గాజులు, ఉంగరం, కాలి పట్టీలు, చేతి గడియారం, బెల్టు, భుజానికి తగిలించుకునే సంచి, చెప్పులు, బూట్లు వంటివి మరొకరి చేతికి వచ్చినప్పుడు, అవి కొత్త మనిషి ఒంటికి ఇబ్బంది లేకుండా అమరేలా ఇంట్లోనే చిన్న పనిముట్లతో సరిచేసుకోవడం ఈ వ్యాస విషయం. బట్టల ఆల్టరేషన్ దీనికి దగ్గరిదే అయినా రెండింటి పద్ధతీ వేరు. రవికె కుట్టేటప్పుడు దర్జీ కుట్టు లోపల కొంత గుడ్డ వదులుతాడు, తర్వాత వదులు కావాలంటే ఆ కుట్టు విప్పితే సరిపోతుంది (చూ. దర్జీపని). గాజుకూ ఉంగరానికీ బూటుకూ అలా దాచిపెట్టిన మిగులు ఉండదు. అందువల్ల వీటి విషయంలో ఎంత సరిచేయాలన్న ప్రశ్న కంటే ఎక్కడ సరిచేయాలన్నదే ముందు తేలాలి.

ఒంటికి పెట్టుకునే వస్తువును మూడు భాగాలుగా విడదీసి చూడవచ్చు. వస్తువుకు ఆకారాన్నీ బలాన్నీ ఇచ్చేది మూలభాగం: ఉంగరపు కడ్డీ, బెల్టు తోలు, బూటు పైభాగం. దాన్ని ఒంటికి పట్టి ఉంచేది బిగింపు భాగం: బకిల్, కొక్కెం, కొండి, శీల, గడియారపు పిన్ను. చర్మానికి నేరుగా తగిలేది లోపొర: బూటు లోపలి అట్ట, సంచి పట్టీ అడుగు, గాజు లోపలి అంచు. ఇంట్లో చేసే సవరణ బిగింపు భాగానికీ లోపొరకూ పరిమితమైనప్పుడు, అవసరమైతే తిరిగి విప్పేయగలిగేలా ఉన్నప్పుడు చాలావరకు కుదురుతుంది. మూలభాగం మీదికి వెళ్లినప్పుడు చాలావరకు చెడుతుంది. దీనికి కారణాలు రెండు. వాడిన వస్తువులో మూలభాగం అప్పటికే కొంత అరిగి, వంగి, ఎండి ఉంటుంది. కొత్త ఒత్తిడిని తట్టుకునే శక్తి తక్కువ. పైగా మనిషి ఒళ్లు స్థిరమైన కొలత కాదు. ఎండాకాలంలో వేళ్లు ఉబ్బుతాయి, సాయంత్రానికి పాదం పెరుగుతుంది, గర్భధారణలో రెండూ మారతాయి. ఒక రోజు కొలతకు శాశ్వతంగా కోసేసిన వస్తువు మరో రోజుకు పనికిరాకపోవచ్చు. ఈ సూత్రం ఒక్కో వస్తువులో ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ సడలించాలో కింది విభాగాలు చూపుతాయి.

వస్తువులు చేరే దారులు

మన్సూరాబాద్ ఎల్బీనగర్, నాగోలు, వనస్థలిపురాల నడుమ పెరిగిన నివాస ప్రాంతం. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశాక ఈ వైపు అంతా నగరంలో భాగమైంది. ఇలాంటి కాలనీ ఇళ్లలోకి వాడిన వస్తువులు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తాయి. మొదటిది కుటుంబం: అత్తగారి గాజులు, అక్క పట్టీలు, అన్న బూట్లు, తాతగారి గడియారం. రెండోది సంత: ఆదివారం ఎర్రగడ్డలో, గురువారం బేగంబజారు దగ్గరి జుమ్మేరాత్ బజారులో పాత సామాను అమ్ముతారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మార్గం మొదలయ్యాక, తూర్పు చివర ఉన్నవాళ్లు రైలు మారకుండానే ఎర్రగడ్డ చేరుకోగలుగుతున్నారు. మూడోది ఫోను ద్వారా సాగే పాత వస్తువుల అమ్మకం. వీధుల్లో పాత చీరలూ ప్యాంట్లూ తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే మార్పిడి తెలుగు ఊళ్లన్నిటా తెలిసినదే గానీ, అది ప్రధానంగా బట్టలకే. పైగా ఇంట్లోంచి బయటికి పోయే దారి.

సవరణకు కావలసిన సామగ్రి దొరకడం ఈ ప్రాంతంలో కష్టం కాదు. ఎలాస్టిక్, టిచ్ బటన్లు, కొక్కేలు, పట్టుదారం కాలనీ మ్యాచింగ్ సెంటర్లోనే ఉంటాయి. నగల కొక్కేలు, చిన్న రింగులు, దోరీలు బేగంబజారులో టోకున దొరుకుతాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా రోడ్డు పక్కన గడియారపు పట్టీలు, బెల్టులు, బూటు లోపలి అట్టలు అమ్ముతారు.

కొలతల చరిత్ర

రెడీమేడ్ సరుకు రాకముందు గ్రామ వృత్తి వ్యవస్థలో వస్తువు మనిషి కోసమే తయారయ్యేది. చెప్పులు కుట్టేవారు పాదాన్ని తోలు మీద పెట్టించి గీత గీసుకునేవారు; కంసాలి వేలికి దారం చుట్టి కొలత తీసుకునేవాడు. ఫ్యాక్టరీ సరుకుతో కొలతలు మెట్లుగా మారాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య పడే ఒళ్లు ఎప్పుడూ కొంత వదులునో బిగుతునో భరించాల్సిందే. వాడిన వస్తువు కొనేవారికి ఇది రెట్టింపు ఇబ్బంది: ఎంచుకోవడానికి పక్క సైజు ఉండదు, ఉన్నది ఆ ఒక్కటే.

మన దేశంలో బూట్ల సైజులు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతిలో నడుస్తున్నాయి. అందులో ఒక సైజుకూ మరో సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. ఈ పద్ధతి పొడవును పట్టించుకున్నంతగా వెడల్పును పట్టించుకోదు. భారతీయుల పాదాలు సగటున వెడల్పైనవని చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు, 2022 మార్చి మధ్య జరిపిన సర్వేలో తేలింది. 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రిమితీయ యంత్రాలతో కొలిచి, దాని ఆధారంగా ‘భ’ అనే భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. బట్టల కొలతల కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ చేపట్టిన ఇండియాసైజ్ సర్వేకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. కాళ్లు కరిచే బూటును తొడిగినవాడి పాదం లోపంగా చూడడం సరికాదని పాదాల సర్వే సూచిస్తోంది.

గాజులు

గాజుల సైజు అంగుళాల్లోనూ, అంగుళంలో పదహారో వంతుల్లోనూ చెబుతారు. 2-4 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే 57.2 మిల్లీమీటర్లు. 2-6 గాజుకు 60.3, 2-8 గాజుకు 63.5, 2-10 గాజుకు 66.7 మిల్లీమీటర్లు. మెట్టుకు వ్యాసంలో సుమారు 3.2, చుట్టుకొలతలో సుమారు 10 మిల్లీమీటర్ల తేడా. బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, అరచేతి ఎముకల దగ్గర అన్నిటికంటే వెడల్పైన చోట టేపు చుట్టితే వచ్చే కొలత 18 సెంటీమీటర్లయితే 2-4, 19 అయితే 2-6, 20 అయితే 2-8 సరిపోతుంది. గాజు చేతికి ఎక్కుతుందో లేదో నిర్ణయించేది మణికట్టు కాదు, అరచేయి. ఎక్కిన గాజు మణికట్టు దగ్గర వదులుగా తిరుగుతోందంటే అది తప్పు సైజు అనుకోనక్కర్లేదు.

అతుకు లేని గాజుకు బిగింపు భాగమే ఉండదు కాబట్టి ఇంట్లో చేయగలిగిందంతా లోపొరతోనే. వదులుగా ఉన్న లోహపు గాజుకో ప్లాస్టిక్ గాజుకో పట్టుదారం చుట్టడం తెలుగు ఇళ్లలో ఆడపిల్లలకు బాగా తెలిసిన పని. దాని లెక్క కూడా తేలికే: దారపు పొర మందం లోపలి అంచున రెండు వైపులా తగ్గిస్తుంది కాబట్టి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంగా చుట్టిన గాజు దాదాపు ఒక సైజు తగ్గుతుంది. నచ్చకపోతే దారం విప్పేయవచ్చు. గాజు మొదటి రూపానికి వస్తుంది. వదులు గాజులు జారిపోకుండా వాటి ముందు, చేతి వైపు, ఒక బిగువైన గాజు వేసుకోవడం ఇంకా సులభం. అందులో ఏ వస్తువునూ ముట్టుకోనక్కర్లేదు. బిగుతైన గాజును ఎక్కించడానికి చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి దాని మీదుగా జరపవచ్చు. అయితే ఎక్కించడానికి ఇంత శ్రమ పడ్డ గాజు వాపు వచ్చిన రోజు తియ్యడం ఇంకా కష్టమని గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌లోని లాడ్‌బజారు లక్క గాజుల సంగతి వేరు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ గాజులను లక్కను వేడితో మెత్తబరిచి, చుట్టి, అతికి, పైన రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటిగా పొదిగి చేస్తారు. లక్క వేడికి లొంగుతుంది కాబట్టి చేసిన చేతులే దాన్ని మళ్లీ పెద్దది చేయగలవు. ఇంట్లో పొయ్యి సెగ మీద ప్రయత్నిస్తే లక్క మెత్తబడుతూనే రాళ్లు కదులుతాయి, ఆకారం ఒక పక్కకు కుంగుతుంది. మూలభాగం జోలికి పోకూడదన్న నియమానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మరొకటి లేదు. తెరిచి ఉన్న కడియాన్ని చేత్తో కొంచెం వంచవచ్చుగానీ, ఇత్తడి పదేపదే వంచితే గట్టిపడి పగులుతుంది. సవరణ ఒక్కసారికే పరిమితం కావాలి.

ఉంగరాలు, పట్టీలు, గొలుసులు

ఉంగరం వదులైతే అరచేతి వైపు ఉండే సగభాగానికి సన్నటి దారం చుట్టడం పాత పద్ధతి. పూర్తిగా చుట్టకుండా సగమే చుట్టడంలో అర్థం ఉంది: ఉంగరం గుండ్రంగా తిరగకుండా రాయి పైకే నిలుస్తుంది, వేలికి గాలి తగులుతుంది. దారం తడిసి మురికి పడుతుంది కాబట్టి అప్పుడప్పుడూ మార్చాలి. పారదర్శకమైన సిలికాన్ చుట్టలు ఇదే పని చేస్తాయి. ఉంగరం బిగుతైతే ఇంట్లో మార్గం లేదు. కణుపు దగ్గర వేలు వెడల్పు, మొదట్లో సన్నం కాబట్టి కొలత కణుపుకే తీసుకోవాలి. సాగదీయడమో, కోసి టంకం పెట్టడమో కంసాలి పని. బంగారు ఉంగరానికి మరో జాగ్రత్త కావాలి. లోపలి వైపు ఉన్న హాల్‌మార్క్, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య కోతలో పోకుండా చూడాలి. 2023 ఏప్రిల్ నుంచి దుకాణాల్లో హాల్‌మార్క్ బంగారు నగల అమ్మకానికి ఆ సంఖ్య తప్పనిసరైంది. పాత బంగారం సాధారణంగా మార్పిడికి వెళ్లి కరిగిపోతుంది. అలా మార్చినప్పుడు పాత నగకు ఇచ్చిన మజూరి పూర్తిగా పోతుంది, కొత్త నగకు తరుగు, మజూరి మళ్లీ ఇవ్వాలి. సైజు చేయించుకుంటే ఆ నష్టం ఉండదన్నది చాలామంది లెక్కలోకి తీసుకోరు.

పట్టీలకూ గొలుసులకూ బిగింపు భాగం స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఇంటి సవరణకు ఇవే అనువైనవి. కొక్కెం దగ్గర చిన్న రింగులు కలిపితే పొడవు పెరుగుతుంది; కొక్కేన్ని రెండు మూడు లంకెలు ముందుకు మారిస్తే తగ్గుతుంది. రింగును తెరిచేటప్పుడు రెండు కొనలనూ పక్కలకు లాగకుండా ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ తిప్పాలి; లేకపోతే గుండ్రం చెడి మళ్లీ మూసుకోదు. మెడలోని హారానికి దోరి ఉంటే ముడి జరపడమే సవరణ. గిల్టు నగలు చర్మానికి దురద పెట్టడానికి తరచూ నికెల్ కారణం. ఐరోపా సమాఖ్య 1994లోనే చర్మానికి తగిలే వస్తువుల్లో దానిపై పరిమితులు విధించింది. లోపలి వైపు రంగులేని గోళ్ల పాలిష్ పూయడం తాత్కాలిక అడ్డు మాత్రమే. చెమటకు అది అరిగిపోతుంది. చెవికి పడనివాళ్లు దిద్దుల శీలను వెండిదో ఉక్కుదో మార్చుకోవడం మేలు, అయితే చెవిలో దూరే కాడ కూడా నికెల్‌దైతే శీల మార్చినంత మాత్రాన దురద పోదు.

చేతి గడియారాలు

హైదరాబాద్ ఇళ్లలో చేతులు మారే పాత గడియారాల్లో హెచ్‌ఎంటీ, ఆల్విన్ పేర్లు ముందు వినిపిస్తాయి. హెచ్‌ఎంటీ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో గడియారాల తయారీ మొదలుపెట్టింది. ఆ విభాగాన్ని మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. హైదరాబాద్ ఆల్విన్ 1981లో సీకో సహకారంతో ఈ రంగంలోకి వచ్చింది. ఈ పాత గడియారాల విడిభాగాలు దొరకడం కష్టం కాబట్టి కవచానికి చేసిన నష్టాన్ని కంపెనీ సరుకుతో పూడ్చే వీలు తక్కువ. అయితే పట్టీ కవచానికి స్ప్రింగు పిన్నుతో తగిలి ఉంటుంది. కవచపు కొమ్ముల మధ్య దూరం 18 మిల్లీమీటర్లా, 20నా, 22నా అని కొలిచి సరిపడ్డ పట్టీ తెచ్చుకుంటే, కవచాన్ని ముట్టుకోకుండానే గడియారం కొత్త చేతికి అమరుతుంది.

లోహపు పట్టీ అయితే ముందు తాళం పక్కనున్న చిన్న రంధ్రాలను చూడాలి. పిన్నును ఒక రంధ్రం జరిపితేనే చాలా సందర్భాల్లో సరిపోతుంది. చాలకపోతే లంకెలు తీయాలి. లోపలి వైపు చెక్కిన బాణం గుర్తు పిన్నును ఎటు నెట్టాలో చెబుతుంది. రెండు వైపులా సమానంగా తీయకపోతే తాళం మణికట్టు అడుగున నడిమికి రాకుండా పక్కకు జరిగి ఎముకకు గుచ్చుకుంటుంది. తీసిన లంకెలూ పిన్నులూ చిన్న డబ్బాలో దాచిపెట్టడం ఈ పనిలో భాగమే.

బెల్టులు, సంచులు

బెల్టుకు సాధారణంగా ఐదు రంధ్రాలు, వాటి మధ్య సుమారు అంగుళం దూరం ఉంటాయి. నడుము మధ్య రంధ్రానికి వచ్చేది సరైన కొలత. చివరి రంధ్రంలో పెట్టినా కొంచెం వదులైతే మరో రంధ్రం చాలు. దాన్ని మేకుతో పొడవకూడదు. మేకు తోలును చీల్చుకుంటూ దారి చేస్తుంది, ఆ చీలిక బకిల్ లాగుడుకు పెరుగుతుంది. గుండ్రటి పంచ్ తోలును కోసి తీసేస్తుంది కాబట్టి అంచు నిలుస్తుంది. అంతకంటే పెద్ద తేడా ఉంటే బకిల్ వైపు కత్తిరించాలి, కొన వైపు కాదు. కొన ఆకారం, రంధ్రాల వరుస అలాగే ఉండాలి. బకిల్ స్క్రూతో బిగించిందైతే ఇంట్లో పని, కుట్టిందైతే ఆరె, మైనం పూసిన దారం ఉన్నవాళ్ల పని. ఇలా కోసిన తోలు మళ్లీ రాదు, సూత్రానికి ఇది మినహాయింపే. కాకపోతే కోత బిగింపు చివరనే ఉండడం వల్ల బెల్టు బలం తగ్గదు.

సంచి పట్టీ భుజాన్ని కోస్తుంటే పొడవు కంటే వెడల్పే అసలు సంగతి. అదే బరువు వెడల్పైన పట్టీ మీద పరుచుకుంటే చర్మం మీద ఒత్తిడి తగ్గుతుంది. అడుగున మెత్తటి గుడ్డ గొట్టంలా కుట్టి టిచ్ బటన్లతో తొడగడం విప్పేయగలిగే పరిష్కారం.

పాదరక్షలు

ఈ వర్గంలో ఇంటి సవరణకు హద్దులు ఎక్కువ, తప్పుకు మూల్యం కూడా ఎక్కువ. బూటు వదులైతే లోపల మరో అట్ట వేస్తారు. అట్ట పాదాన్ని పైకి లేపి, బూటు పైభాగానికి దగ్గర చేస్తుంది. అందువల్ల కొద్దిపాటి వదులు తీరుతుందిగానీ పొడవు తగ్గదు. మడమ జారుతుంటే మడమ వెనక మెత్త అతికించాలి. ముందు భాగంలో దూది కుక్కడం సరికాదు: వేళ్లు నడకలో ముందుకు కదలాలి, దూది వాటిని ఆపుతుంది. బూటు పొడవు చాలకపోతే ఇంట్లోనే కాదు, ఎక్కడా పరిష్కారం లేదు.

వెడల్పు చాలని తోలు బూటును మాత్రం సాగదీయవచ్చు. తడి తగిలిన తోలు పీచు కొంత జరిగి, ఆ ఆకారంలోనే ఆరితే అలాగే నిలుస్తుంది. కొద్దిగా తడిపి, మందపు మేజోళ్లతో కాసేపు తొడగడమో, చెక్క అచ్చు పెట్టి నీడలో ఆరబెట్టడమో చేస్తారు. రెక్సిన్‌కు ఈ గుణం లేదు. అది గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ పొర కాబట్టి సాగదు, పగిలి పొరలుగా లేస్తుంది. సంతలో పాత జోడు ఎంచేటప్పుడు పై మెరుపు కంటే అడుగు చూడడం ముఖ్యం. మడమ ఒక పక్కే అరిగి ఉంటే అది మొదటి మనిషి నడక తీరు. ఆ వాలు కొత్త మనిషి మోకాలికి చేరుతుంది. మడమ కట్టించకుండా దాన్ని అట్టతో సరిచేయలేం. లోపలి అట్ట కూడా మొదటి పాదం ముద్ర పడి గుంటలతో ఉంటుంది. దాన్ని తీసి కొత్తది వేయడం శుభ్రతకూ సౌకర్యానికీ రెండింటికీ అవసరం, ఎందుకంటే కాలివేళ్ల మధ్య పుట్టే బూజు తడి అట్టలో చాలాకాలం బతుకుతుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు వాడిన పాదరక్షలు తొడగనేకూడదు. ఒరిపిడి వారికి తెలియదు, పుండయ్యాకే తెలుస్తుంది. వారికి వైద్యులు సూచించే మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులే తగినవి.

అభ్యంతరాలు

ఇంట్లో ఇంత శ్రమ ఎందుకు, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద కొత్తవి చవగ్గా దొరుకుతాయి కదా అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. చాలా వస్తువుల విషయంలో సమాధానం కొనుక్కోవడమే. కానీ చవకైన కొత్త బెల్టులూ బూట్లూ చాలావరకు రెక్సిన్‌వి. అవి మొదటి రోజు అమరకపోతే తర్వాత అమరవు. పాత తోలు వస్తువు సవరణకు లొంగుతుంది. కాబట్టి పోల్చాల్సింది పాతదాని ధరనూ కొత్తదాని ధరనూ కాదు, సరిచేసుకోగల పదార్థాన్నీ సరిచేసుకోలేని పదార్థాన్నీ.

రెండో అభ్యంతరం బలమైనది: ఈ పనులు మూల మీద కూర్చునే చెప్పులు కుట్టేవారూ గడియారాలు బాగుచేసేవారూ కంసాలీ ఇంతకంటే బాగా చేస్తారు, ఇంట్లో చేసుకుంటే వారి పని తగ్గుతుంది. మొదటి భాగం నిజం. రెండో భాగం మాత్రం నిలవదు. దారం చుట్టడం, అట్ట మార్చడం, పిన్ను జరపడం ఎప్పుడూ ఇంటి పనులే. కుట్టు, టంకం, మడమ కట్టడం ఎప్పుడూ వృత్తి పనులే. మూలభాగాన్ని ఇంట్లో ముట్టుకోకూడదన్న నియమం వారి పనిని వారికే వదులుతుంది. ఇంట్లో పాడుచేసి తెచ్చిన వస్తువును బాగుచేయడమే వారికి నిజంగా ఇబ్బంది. చీలిన రంధ్రం, వంకర పోయిన ఉంగరం, మొదటి స్థితిలో వచ్చి ఉంటే తేలికగా అయ్యే పని.

మూడోది నమ్మకానికి సంబంధించింది. ఒకరి చెప్పులు మరొకరు తొడగకూడదని తెలుగు ఇళ్లలో గట్టిగా అంటారు. అదే ఇళ్లలో పురిటి బిడ్డకు వాడిన మెత్తటి పాత బట్టే ముందు చుడతారు. ఈ రెండు ఆచారాలకూ ఒంటి అనుభవం ఆధారంగా ఉన్నట్టే కనిపిస్తుంది: వాడకంతో నూలు మెత్తబడి ఏ ఒంటికైనా ఒదుగుతుంది, చెప్పు మాత్రం ఒకే పాదానికి ఒదిగిపోతుంది. పాదరక్షల విషయంలో పైన చెప్పిన హద్దులు ఈ ఆచారానికి దూరంగా ఏమీ లేవు.

విప్పేయగల సవరణలు బలహీనమని, చూపుకు బాగుండవని కూడా అంటారు. దారం చుట్టిన ఉంగరం విషయంలో ఇది ఒప్పుకోవాల్సిందే. బలం కావాలంటే వృత్తి నిపుణుడి దగ్గరికి వెళ్లే ముందు కొన్నాళ్లు దారంతో వాడి చూడడం ఉపయోగం. ఏ కొలత నిజంగా కావాలో అప్పుడు తేలుతుంది.

సవరణకు లొంగనివి

కళ్లజోడు ముక్కు మెత్తలు మార్చుకోవచ్చు, కానీ కాడలు వంచితే కటకాల కేంద్రం కంటిపాపకు ఎదురుగా నిలవకపోవచ్చు. పవరు ఉన్న జోడును అద్దాల దుకాణంలోనే సరిచేయించాలి. చిన్నపిల్లల పట్టీలకూ మొలతాడుకూ రింగులు కలిపితే ఊడి నోట్లోకి పోయే ప్రమాదం ఉంటుంది.

హెల్మెట్ విషయంలో ఈ వ్యాసంలోని సూత్రమే తిరగబడుతుంది. మిగతా వస్తువుల్లో లోపొర సవరణకు అనువైన చోటైతే, హెల్మెట్‌లో లోపలి గట్టి నురుగు పొరే ప్రాణాన్ని కాపాడే భాగం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి తాకిడిని పీల్చుకుంటుంది. నలిగిన చోట మళ్లీ పనిచేయదు. పైపెంకు చెక్కుచెదరకుండా ఉన్నా లోపల నలిగి ఉండవచ్చు, అది కంటికి కనిపించదు. వదులైందని స్పాంజి కుక్కితే తల నురుగుకు దూరమై, తాకిడిలో హెల్మెట్ జరుగుతుంది. మన్సూరాబాద్ దగ్గరి విజయవాడ రహదారి మీద బండి నడిపేవారు ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్‌ఐ గుర్తు ఉన్న కొత్త హెల్మెట్‌నే తల కొలత చూసి కొనాలి. ఇతరుల నుంచి వచ్చిన పాతదాన్ని సరిచేసే ప్రయత్నం చేయకూడదు.